నిజానికి ఖరీదు ఎవరు కట్టాలి?

జూన్ వచ్చిందంటే మా బడిలో నాకు రాతపని. కొత్తగా చేరే పిల్లల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, కులం. ముందు రిజిస్టర్లో రాయాలి, తర్వాత కంప్యూటర్లో ఎక్కించాలి. తొమ్మిదేళ్లుగా ఎంతమంది పిల్లలకో ఈ గళ్లు నింపా. ఎప్పుడూ చెయ్యి ఆగలేదు. 2025 జూన్‌లో మా పాపని ఒకటో తరగతిలో చేర్చుకునే రోజు మాత్రం ఆగింది.

నేను చెప్పే బడిలోనే చేర్చా. సర్కారు పంతులు బిడ్డ సర్కారు బడిలోనే చదవాలని నా పట్టు. కొత్త సంచి తగిలించుకుని నా బల్ల ముందు నిలబడింది. పేరు అడిగితే ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పింది. పక్క టీచరు నవ్వి, "మాస్టారి బిడ్డ గదా" అంది. మా వంశంలో బడి బల్లకి అవతలి పక్క కూర్చున్న తొలి మనిషిని నేను. ఇవతలి పక్క భయం లేకుండా నిలబడ్డ తొలి బిడ్డ అది. గర్వపడ్డా, దాచుకోను. ఆ గర్వం మూడు గళ్ల వరకే నిలిచింది. నాలుగో గడి మతం, అయిదోది కులం.

మాది ప్రకాశం జిల్లా, గుండ్లకమ్మకి దగ్గర్లో ఒక మాదిగపల్లె. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషను క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత ముక్క కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకి కూలి చూపించాడు. ఆ కూలిపనులు నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారేమోనని అనుమానం. పనులు అయిపోయాకే ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. అందులో మా తాతల తాత ఒకడని మా ఇంట్లో చెప్పుకుంటారు.

మా నాయన ఆ మాట చెప్పుకుని బతికినవాడు. మూడో తరగతి చదివాడు. ఆరు రోజులు పొగాకు బ్యారన్ దగ్గర కూలి, ఏడో రోజు పల్లెలో ప్రార్థన నడిపేవాడు. 1993లో నన్ను బళ్లో వెయ్యడానికి తీసుకెళ్లాడు. అప్పటి హెడ్మాస్టరు మంచాయనే. "హిందూ మాదిగ అని రాస్తా, పిల్లోడికి ముందుముందు పనికొస్తుంది" అన్నాడు. మా నాయన చేతులు కట్టుకునే చెప్పాడంట: "అయ్యా, ఆదివారం పల్లెకంతా అబద్ధమాడొద్దని చెప్పేది నేనే. సోమారం వచ్చి నేనే ఆడితే ఎట్టా?"

నేను కిరస్తానం పిల్లవాణ్ణయ్యా. కాగితం మీద బీసీ-సీ.

కుర్ర స్నేహితుల కోసం చట్టం సంగతి కాస్త చెప్పాలి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవ దళితులు, ముస్లిం దళితులు బయటే ఉండిపోయారు. మన దగ్గర క్రైస్తవం పుచ్చుకున్న ఎస్సీల్ని బీసీ-సీ అని 1 శాతంలో పెట్టారు. ఎస్సీలకి 15 శాతం. నీళ్లలో మునిగి లేచేసరికి అంటరానితనం కడుక్కుపోవాలని చట్టం లెక్క. అది కడుక్కుపోయిందని ఊరికి మాత్రం ఎవరూ చెప్పలా. 1985 జూలై 17న కారంచేడులో గొడ్డళ్లతో వచ్చినవాళ్లు ఎవరి సర్టిఫికెట్టూ అడగలేదు.

నా పల్లె నేస్తం, నేను ఒకే బెంచీ. ఇద్దరం టీటీసీ చేశాం. 2008 డీఎస్సీలో వాడికంటే నాకు నాలుగు మార్కులు ఎక్కువ. వాడికి ఉద్యోగమొచ్చింది, నాకు రాలేదు. వాడి ఇంట్లోనూ ప్రార్థనే, వాళ్లమ్మ మా నాయన పక్కన నిలబడి పాట ఎత్తుకునేది. గడిలో రాసిన మాట ఒక్కటే తేడా. నాకు 2014 డీఎస్సీలో వచ్చింది. ఆ మధ్య ప్రైవేటు బళ్లో చెప్పా, ఎండాకాలం బ్యారన్‌కి పోయా, దూరవిద్యలో బి.ఏ. కట్టి పాసయ్యా. మా నాయన మందులకి అప్పులు చేశా.

నాయన 2013లో పోయాడు. పోయే నాలుగు రోజుల ముందు అడిగాడు: "నేను రాయించింది తప్పా అబ్బయ్యా?"

"కాదు నాయనా" అన్నా.

అది నిజమా, అబద్ధమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మాటే.

నా వారం ఎట్టా గడుస్తుందో చెప్తా. సోమవారం నుంచి శనివారం దాకా బడి. పాఠం ఒక వంతైతే, మధ్యాహ్న భోజనం లెక్కలు, హాజరు ఫొటోలు, అప్‌లోడ్లు రెండు వంతులు. ఆదివారం చర్చి. సంఘ కార్యదర్శిని నేనే, సండే స్కూలు చెప్పేదీ నేనే. సాయంత్రం ఎవరింట్లోనో జబ్బు, ఎవరింట్లోనో తగువు. చదువుకున్నోడివి రమ్మంటారు. నాయన కూర్చున్న చోట కూర్చుని కాదనలేను. ఇంట్లో బియ్యం నిండుకున్నాయని నాకు చివర తెలుస్తుంది. ఒక ఆదివారం పాప అంది: "ఇయ్యాల నువ్వు అందరి పిల్లలకీ నాయనవి, నాకు కాదు." నవ్వా గానీ, తగిలింది. బడికి నిజాయితీగా ఉన్నా, చర్చికి నమ్మకంగా ఉన్నా అనుకునేవాణ్ణి. ఆ రెండిటికీ సరుకు ఇంట్లోంచే పోతోందని చూసుకోలేదు.

అదే మాట మా ఇంటామె జూన్‌లో ఇంకో తీరుగా చెప్పింది. ఆమె కాగితం వేరే. ఆ వివరం ఇక్కడ రాయను. ఎందుకు రాయనో ఈ పుస్తకం చదివేవాళ్లకి విడమర్చక్కర్లేదు.

"మీ నాయన నిజం చెప్పాడు. దానికి ఖరీదు ఎవరు కట్టారు? ఏడేళ్లు నువ్వు కట్టావు. ఇప్పుడు నువ్వు నిజం చెప్తావు, నా బిడ్డ కట్టాలి. సొంత డబ్బుతో సత్యం పలికినోడు మీ ఇంట్లో ఒక్కడన్నా ఉన్నాడా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆమె ఇంకో మాట కూడా తీసింది. మన సంఘంలో పసిపిల్లలకి బాప్తిస్మం లేదు గదా, బుద్ధి తెలిశాక తానే ఒప్పుకుంటేనే గదా ఇచ్చేది. 2020 కరోనాలో పుట్టిన బిడ్డని చర్చి తలుపులు తీశాక తీసుకెళ్లి ప్రార్థన చేయించాం, అంతే. "అది క్రైస్తవురాలని సంఘమే ఇంకా రాసుకోలేదు. నువ్వెందుకు రాయటం?" ఇందులో వంక పెట్టడానికి నాకు దారి దొరకలేదు. మా సంఘం మనిషి నోరు తెరిచి చెప్పిందాకా ఆగుతుంది. సర్కారు ఆగదు, అయిదేళ్లకే అడుగుతుంది.

సచివాలయంలో తెలిసినాయన్ని వాకబు చేస్తే తేలిగ్గా చెప్పాడు: "ఏదన్నా గుళ్లో ఒక కాయితం తెచ్చుకోండి మాస్టారూ. చర్చిలో ఆ సెక్రెటరీ పని మానుకోండి. మిగతాది చూసుకోవచ్చు." నా నమ్మకాన్ని ఆయన అవమానించలేదు. నిజంగా సాయం చేద్దామనుకున్నాడు. నాకు ఎక్కువ బాధేసింది అందుకే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కాదనేవాణ్ణి ముందు నుంచీ అందరికీ కాదన్నానా? లేదు. ఒక ఏడు, పొగాకు గ్రేడింగుకు పోయే ఆమె పిల్లాణ్ణి తీసుకొచ్చింది. ఆమెని ఆదివారం మా చర్చిలోనే చూస్తా. మతం అడిగా. "హిందూ అని రాయి సారూ" అంది. నేను ఆమె మొహంకేసి చూశా. ఆమె తల దించుకోలేదు. "మేమెవరిమో దేవుడికి తెలుసు గదా. గవుర్మెంటుకి గూడా చెప్పాలా ఏంది?" అంది. తల్లి చెప్పింది రాయడం నా పని, రాశా. రాసినందుకు నాకు కొంచెం కూడా తప్పనిపించలేదు. ఆమెది అబద్ధమని నేను అనలేను. అట్లాంటప్పుడు నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి అదే మాట అబద్ధం ఎట్లా అయింది? నాది సత్యమా, లేకపోతే నాయన మీద నాకున్న గర్వమా?

ఇంకోటి కూడా చెప్పాలి. ఉద్యోగం వచ్చిన కొత్తలో మండల కేంద్రంలో అద్దె ఇల్లు చూశా. ఇంటాయన అన్నీ అడిగి, చివరికి "మీరేంట్లు?" అన్నాడు. "బీసీలం" అన్నా. నా సర్టిఫికెట్టులో ఉన్న మాటే చెప్పా. ఇల్లు ఇచ్చాడు. మూడో ఆదివారం మేము పాట పాడుకుంటుంటే గుమ్మంలో నిలబడి విన్నాడు. నెల తిరక్కుండా ఖాళీ చెయ్యమన్నాడు, చుట్టాలు వస్తున్నారని. నా జీవితంలో నేను ఆడిన పచ్చి అబద్ధం అదే. ప్రభుత్వం గుండ్రటి ముద్ర వేసి ఇచ్చిన నిజాన్నే నేను అబద్ధంగా వాడుకున్నా. మాదిగనని చెప్పలేక బీసీ అన్నా. నాయన చెప్పిన నిజం ఇది కాదు.

ఈ గళ్లలో ఏది రాసినా సగమే నిజం. హిందూ మాదిగ అంటే ఆదివారం అబద్ధమవుతుంది. బీసీ క్రైస్తవ అంటే పల్లె అబద్ధమవుతుంది. 1994 జూలై 7న మా జిల్లా ఈదుముడిలో దండోరా పుట్టినప్పుడు నాకు ఆరేళ్లు. మాదిగనని తలెత్తి చెప్పుకోవచ్చని నేను నేర్చుకుంది చర్చిలో కాదు, ఆ డప్పు దగ్గర. 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు అన్న రోజు పల్లెలో నేనూ మిఠాయి పంచా. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది, అందులో మా పాపకి వాటా లేదని.

అదే ఏడు నవంబరులో, పుదుచ్చేరి నుంచి వచ్చిన కేసులో, క్రైస్తవం ఆచరిస్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనని సుప్రీంకోర్టు అంది. క్రైస్తవంలోకి మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో మన హైకోర్టు అంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మతానికీ ఎస్సీ హోదాకీ ముడి తీసెయ్యమని చెప్పింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ క్రైస్తవ దళితుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. ముడి మాత్రం ఊడలేదు. అప్పుడు దొర అన్నం కోసమేనా అని అనుమానపడ్డాడు, ఇప్పుడు కోర్టు ఉద్యోగం కోసమేనా అని అనుమానపడుతోంది. నూట యాభై ఏళ్లు కావస్తున్నా మా నమ్మకం మీద అనుమానం తీరలేదు. ఆకలిగొన్నవాడికి నమ్మకం ఉండకూడదా? నమ్మకం ఉన్నవాడికి ఆకలి వెయ్యదా? కడుపు నిండినవాణ్ణి నువ్వు గుడికి ఎందుకు పోతున్నావని ఏ కోర్టూ అడగలేదు. ఆస్తి ఉన్నవాడు మతం మార్చుకుంటే పొలం పోదు. మేము మార్చుకుంటే వాటా పోతుంది. నిజం చెప్పడం అందరికీ ధర్మమే కావచ్చు. జరిమానా మాత్రం కొందరికే. ఆ జరిమానా కట్టలేనివాణ్ణి అబద్ధికుడు అనడానికి నాకు ఇప్పుడు నోరు రాదు.

చివరికి ఏం రాశానో చెప్పాలి. బీసీ-సీ అనే రాశా. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు. నాకు నెలనెలా జీతం వస్తుంది. ఆ పొగాకు గ్రేడింగు ఆమెకి రాదు. నాయన చెప్పిన నిజం ఆకలితో ఉన్నవాడి నిజం. నాది జీతగాడి నిజం. రెండూ ఒకటి కాదు. అప్పుడు నాయనకి చెప్పిన "కాదు"ని నిలబెట్టుకోవడానికి కూడా రాసి ఉంటా. అందులో నా బిడ్డ చేసిన పాపమేముంది? ఇంటామె అడిగిన దానికి జవాబు ఇంకా బాకీ ఉన్నా. కట్టగలిగినంత నేనే కడదామని రెండు పనులు పెట్టుకున్నా. చర్చి కార్యదర్శి పని ఇంకొకరికి అప్పజెప్పా. నమ్మకం పోయి కాదు. సాయంత్రాలు పాప దగ్గర కూర్చోవడానికి. కాగితం వల్ల దానికి పోయే నాలుగు మార్కులన్నా నేను పక్కన కూర్చుని చదివించుకోవాలి గదా. రెండోది, ఎక్కడ ఎవరు "మీరేంట్లు" అని అడిగినా మాదిగలం అని చెప్పడం, పాప వినేటట్టు. సర్టిఫికెట్టులో ఏమున్నా సరే. ఆ మూడో పేరా కొట్టెయ్యాలన్న ఏ సభ జరిగినా పోతున్నా.

ఇంటామె వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత అంది: "సరే, రాశావు. రేపు అది పెద్దదై, తక్కువ మార్కులోళ్లకి సీటు వచ్చింది, నాకు ఎందుకు రాలేదని అడుగుద్ది. అప్పుడు నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

నేనే చెప్తా. నేను కాదంటే కాదని, తన గడి తానే తిరగరాసుకుంటానన్నా వింటా. ఆ రోజుకి నాకు మాట తడబడుతుందేమోనని ఇప్పుడే ఇదంతా రాసిపెడుతున్నా.