అమ్మ కంచంలో ఏముంది?

ఈ వారం ప్రవచనంలో ధర్మపురి నరసింహస్వామిని తలచుకుని ప్రహ్లాదుడి కథ చెప్పుకున్నం కదా. టైం సరిపోక ఒక మాట మిగిలిపోయింది. అది ఇక్కడ రాస్తున్న.

కయాధు కడుపులో ఉన్నప్పుడే ప్రహ్లాదుడు నారదుడి బోధ విన్నడని భాగవతం చెప్తది. అమ్మ విన్నది బిడ్డకు చేరింది. మరి అమ్మ తిన్నది? ఆ రుచి ఉమ్మనీటిలోకీ, తర్వాత చనుబాలలోకీ వస్తది. 2001లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధన ఉంది. కడుపుతో ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో క్యారెట్ రసం తాగిన తల్లుల పిల్లలు, క్యారెట్ కలిపిన తిండి పెడితే మిగతా పిల్లలకంటే తక్కువగా మొహం చిట్లించిన్రట.

మా కరీంనగర్ దిక్కు గుళ్లో కలిసిన తల్లులు ఎక్కువగా అడిగేది ఒకటే. "అయ్యా, పిలగాడు ఏం తింటలేడు, ఏదన్నా మంత్రం చెప్పండి." నేను తిరిగి అడుగుత, "నువ్వు పొద్దున ఏం తిన్నవు బిడ్డా?" అప్పుడు చూడాలె ఆ మొహం. చాయ్, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం పిలగాడు విడిచిపెట్టిన ముద్ద. రాత్రి అందరూ తిన్నాక గిన్నె అడుగున ఉన్నది, అదీ నిలబడే.

మా అమ్మ కూడా అట్లనే తిన్నది. నేను దాన్ని త్యాగం అనుకుని పదిమందికి గొప్పగా చెప్పిన. గీత పదిహేడో అధ్యాయం చదివినంక సిగ్గేసింది. సారం పోయి, నిల్వ ఉన్నదీ, ఇంకొకరు తిని విడిచిందీ తామసుల తిండి అన్నడు కృష్ణుడు. ఒంటిని ఎండబెట్టుకునేవాళ్లు లోపలున్న తననే బాధపెడుతున్నరని కూడా అన్నడు. ఆ మాట దంభంతో ఘోర తపస్సు చేసేవాళ్ల గురించి, తల్లుల గురించి కాదు. అయినా లోపలున్నది ఆయనే కదా! తప్పు తల్లిది అనట్లే. ఆమెను ఆఖరి బంతిలో కూర్చోబెట్టింది మనమే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ లెక్క చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం. రెండూ ఒకే వంటింటి లెక్కలు. 2015లో వచ్చిన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి అన్నం, పప్పు, గుడ్డు, పాలు పెడుతరు. ఇంటికి పంపితే ఆమె పంచిపెడ్తదని అందరికీ తెలిసిందే. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ ఆడబిడ్డలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు కూడా ముందు తల్లి నోట్లోకి పోవాలె.

ఇంకో సంగతి. అన్నాన్ని నిందించకపోవడం ఒక వ్రతం అని తైత్తిరీయోపనిషత్తు చెప్తది. "నాకు కాకరకాయ పడదు", "ఛీ, పొన్నగంటి కూరా?" అని పిల్లల ముందు అన్నరో, రేపు ఆ మాటే వాళ్ల నోట్లోంచి వస్తది. ఇంట్లో పప్పన్నం ముట్టని పిల్లలు సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టున అమ్మ పక్కన కూర్చుని నువ్వుల సద్ది, పల్లి సద్ది, మలీద ఎట్లా తింటరో గమనించిన్రా? ఆ పూట అమ్మ కూడా తింటది కదా. ఆరు నెలలు నిండిన బిడ్డకు మెత్తగా పిసికి పెట్టేటప్పుడైనా అంతే, మీ కంచం పక్కన పెట్టుకోండి. ఫోన్ కాదు.

మొన్న ధర్మపురిలో ఒకామె పులిహోర ప్రసాదం మొత్తం పాప నోట్లోనే కుక్కుతున్నది. పాప మూతి తిప్పుకున్నది. కాసేపటికి ఆ పాపనే నాలుగు మెతుకులు తీసి అమ్మ నోట్ల పెట్టింది. అమ్మ నవ్వుకుంట తిన్నది. అప్పుడు పాప నోరు తెరిచింది.