మొక్కై వంగనిది

పిల్లల పెంపకమును గూర్చి మాట మొదలైనచోటనెల్ల తెలుగువారి నోట ముందుగా వచ్చు సామెత ఒకటి కలదు: ‘మొక్కై వంగనిది మానై వంగునా?’ బెత్తము పట్టిన పంతులును, చింతబరికె విరిచిన తండ్రియు ఈ సామెతనే తమకు సాక్ష్యముగా నిలుపుకొనిరి. విచిత్రమేమనగా, పెరటిలో పుట్టిన ఈ సామెతను పెరటిపని తెలిసినవారు పాటింపరు. వారు మొక్కను వంచరు.

ఆనపపాదు మొలిచినంతనే ఇల్లాలు దాని ప్రక్కన ఒక ఎండుకంపను గ్రుచ్చును. తీగ దానిని తానే వెదకి పట్టుకొనును. మామిడి అంటును నాటినవాడు ఊతకర్ర పాతి, పాతచీర పేలికతో వదులుగా కట్టును. బిగించి కట్టిన త్రాడు, కాండము లావెక్కిన కొలది, బెరడులోనికి దిగి చెట్టునే నులిమివేయును. గాలికి కొంచెము ఊగనిచ్చిన మొక్కకే మొదలు బలియును. కదలనీయక బిగగట్టినది ఏపుగా పెరిగినట్లే కనిపించి, కర్ర తీసిననాడు నిలువలేక ఒరిగిపోవును. మల్లెపొదకు మాత్రము చలికాలమున కత్తిరింపు తప్పదు. ఆ మాట దాచుట న్యాయము కాదు. అయినను తోటమాలి రాబోవు మొగ్గకై కత్తిరించునే గాని, మల్లెపై కోపము వచ్చి కత్తిరింపడు.

ధర్మసందేహమంతయు ఇక్కడనే యున్నది. బిడ్డను సరిదిద్దుట తల్లిదండ్రుల ధర్మమనుటలో వివాదము లేదు. చేయి ఎత్తిన క్షణమున ఆ చేయి బిడ్డ మేలునకు లేచినదా, పెద్దల కోపము చల్లారుటకు లేచినదా? ఈ ప్రశ్నకు నిజము చెప్పగలవారు అరుదు.

పూర్వపు వీధిబడులలో కోదండము, గోడకుర్చీ, తొడపాశము, గుంజిళ్లు అను శిక్షలుండెడివి. వాటిని అనుభవించినవారే ముదిమిలో నవ్వుచు చెప్పుకొనెడివారు గనుక, వాటివలన కీడు లేదని లోకము నమ్మెను. ఐదేండ్లు లాలింపుమనియు, పదేండ్లు దండింపుమనియు, పదునారవ యేట మిత్రునివలె చూడుమనియు చెప్పు నీతిశ్లోకమును తండ్రులు తరచుగా ఉదాహరింతురు. వారిలో పెక్కుమందికి నడిమి పదేండ్లు మాత్రమే జ్ఞాపకముండుట గమనింపదగినది.

కాలము మారినది. గుజరాతుదేశమున భావనగరములో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరమును నెలకొల్పి, భయము లేని చదువును నడిపి చూపెను. మరియా మాంటిసోరీ 1939లో మదరాసు చేరి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఇంటిలో సైతము బిడ్డను కొట్టరాదని స్వీడను దేశము 1979లో శాసించినది. భారతదేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దేహదండనమును, మానసిక వేధింపును నిషేధించినది. అయితే చట్టము బడి వాకిటివరకు రాగలదు. పెరటి గుమ్మము దాటి లోనికి వచ్చుట దానికంత సులభము కాదు.

చట్టములకు ఎంతో ముందే భాగవతము ఈ సందేహమును ఒక ఇంటి పెరటిలో నిలిపి చూపినది. బాలకృష్ణుడు పెరుగుకుండ పగులగొట్టెను. యశోద కర్ర పట్టుకొని వెంటబడెను. తీరా చేయి దొరికినపుడు, కాటుక చెదరిన కన్నులతో బిడ్డ భయపడుచుండుట చూచి, ఆ తల్లి కర్రను పారవేసెను. ఆ ఘట్టమును వినువారు తరువాతి త్రాటి కథకై తొందరపడి, ఈ కర్ర పారవేసిన క్షణమును గమనింపక దాటిపోవుదురు. భయము కనబడినది గనుక కర్ర పోయినది. కాని తప్పును తప్పు కాదని ఆమె అనలేదు, రోటికి కట్టబూనెను. ఎన్ని త్రాళ్లు ముడివేసినను రెండంగుళములు తక్కువైనవి. తల్లి అలసటను చూచి బిడ్డయే కట్టుబడుటకు ఒప్పుకొనెను. ఆ కట్టును నందుడు పిదప నవ్వుచు విప్పెను. కట్టుట, విప్పుట రెండును ఆ ఇంట నుండెను.

నేటి ఇండ్లలో కర్ర పోయినది, మంచిదే. దానితోపాటు కట్టుట కూడ పోయిన ఇండ్లున్నవి. బిడ్డ ఏడ్చినంతనే చేతిలో ఫోను పెట్టి ఊరుకోబెట్టుట ప్రేమ అనిపించుకొనుచున్నది. అది పెద్దల విశ్రాంతియే గాని వేరు కాదు.

గోదావరి సీమలోని ఒక ఇంట వేసవి సెలవులలో జరిగిన ముచ్చట చూడుడు. హైదరాబాదునుండి వచ్చిన ఏడేండ్ల మనుమడు పందిరినుండి ఏడు ఆనపపిందెలు కోసి, పుల్లలు గ్రుచ్చి ఎడ్లను చేసి ఆడుకొనుచుండెను. తాతగారు బరికె అందుకొనిరి. కుమారుడు అడ్డము వచ్చెను.

“నిన్నూ ఇలాగే పెంచాను. చెడిపోయావా?” అనిరి తాతగారు.

“చెడిపోలేదు నాన్నగారూ. కాని ఆనాడు పొరుగువారి మామిడికాయలు కోసింది నేను కాదు. మీతో ఆ మాట అనడానికి ముప్పై యేళ్లు పట్టింది.”

పెద్దాయన మాటాడలేదు. దెబ్బ అబద్ధమును అణచునని నమ్మినవారికి, అది నిజమును కూడ అణచునని తెలియుటకు ఒక్కొక్కప్పుడు అంత కాలము పట్టును. బరికె నెమ్మదిగా క్రిందికి దిగినది.

కుమారుడు బిడ్డవైపు తిరిగి, “పరవాలేదులే నాన్నా” అని ఫోను తీయబోయెను.

“పరవాలేదంటే ఎలాగురా అబ్బాయీ?” అని నాయనమ్మ అడ్డుకొనెను. “అవి కాయలైతే నాలుగిళ్లకు పంచేదాన్ని. వాడికి తెలియొద్దూ?”

ఆమె సాయంకాలము మనుమని పందిరి క్రిందికి తీసికొనిపోయెను. అప్పుడే తెల్లని పూలు విచ్చుచున్నవి. వెనుక బుల్లి పిందె ఉన్న పువ్వేదో, లేనిదేదో వానిచేత వెదకించెను. కోసిన ఏడింటికి బదులుగా సెలవులు ముగియువరకు పాదుకు నీరు పోయు పని వానిదే యని చెప్పెను. వాడు మొదట మొగము ముడుచుకొనెను. మూడవనాటికి, ఎవరును లేపకయే, చెంబుతో పాదు దగ్గర నిలిచియుండెను.

తాతగారు పందిరి గుంజకు కట్టిన త్రాడును విప్పి, మరల వదులుగా ముడివేయుచుండిరి. పని పూర్తియైన పిదప, తల తిప్పకయే, అరుగుమీది కుమారుని అడిగిరి:

“ఒరే, మరి ఆ మామిడికాయలు ఎవడు కోశాడురా?”