తప్పు జాయింటుది

మోటార్ సైకిల్ సరిగ్గా నడవకపోతే ముందు దేన్ని అనుమానించాలి? మెకానిక్ షెడ్డుల్లో రోజూ వచ్చే ప్రశ్న ఇది. ఈ దేశంలో రోజూ మా ముందుకొచ్చే ప్రశ్న కూడా ఇలాంటిదే. అందుకే రెంటినీ కలిపి ఆలోచించాలనిపిస్తోంది.

బండి స్లో నిలబడదు. రేజ్ ఇస్తే మిస్సింగ్. ఒక్కోసారి రేజ్ వదిలేసినా ఇంజన్ అరుస్తూనే ఉంటుంది. బండివాడు వెంటనే "కార్బరేటర్ పోయింది" అంటాడు. విప్పుతారు, కడుగుతారు, జెట్ ఊదుతారు, స్క్రూ తిప్పుతారు. కొత్తది కొని బిగించినా బండి మళ్లీ అలాగే ఉంటుంది. ఎందుకంటే చాలాసార్లు తప్పు కార్బరేటర్‌ది కాదు. దానికీ ఇంజన్ హెడ్డుకీ మధ్య మానిఫోల్డ్ అనే చిన్న గొట్టం ఉంటుంది. ఆ జాయింటు దగ్గర ప్యాకింగ్ చిరిగి ఉంటుంది, లేదా రబ్బరు పగిలి ఉంటుంది. అందులోంచి దొంగగాలి దూరుతుంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. కార్బరేటర్ ఆ లెక్కకు దగ్గరగానే కలిపి పంపుతుంది. దారిలో లెక్కకు రాని గాలి చేరితే మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కిపోతుంది. నింద మాత్రం కార్బరేటర్‌దే. అది బయటికి కనిపిస్తుంది, జాయింటు సందు కనిపించదు.

పని తెలిసిన మేస్త్రీ ఏం చేస్తాడు? ఇంజన్‌ని స్లోలో ఉంచి జాయింటు చుట్టూ రెండు చుక్కలు ఆయిల్ వేస్తాడు. శబ్దం మారిందా, గాలి దూరేది అక్కడే. తప్పెక్కడుందో తేల్చుకున్నాకే పానా పట్టుకుంటాడు.

మా విషయంలో ఆ రెండు చుక్కలు ఎవరైనా వేశారా? 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. చచ్చిపోయింది మావాళ్లు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా కుర్రాళ్లనే. కొట్టారు, కేసులు పెట్టారు. కోర్టులు వదిలేశాయి. 2012లో ప్రభుత్వమే వాళ్లకి పరిహారమూ, మంచి నడవడి సర్టిఫికెట్లూ ఇచ్చింది. 2013లో ఆ పరిహారం చెల్లదని హైకోర్టు అంది. 2018లో, విచారణకు నిలబడిన అయిదుగురినీ ఎన్ఐఏ కోర్టు నిర్దోషులంది. అంటే ఏమిటి? భాగాన్ని విప్పారు, గీకారు, చివరికి బాగానే ఉందని చీటీ రాసిచ్చారు. ముస్లిం అనగానే అనుమానం ఎందుకు పుడుతుందని మాత్రం ఎవరూ చూడలేదు. అసలు, పౌరుడికి మంచివాడని సర్టిఫికెట్ ఎందుకు?

ఉత్తరాంధ్రలో ఈ సర్టిఫికెట్లు మరీ మర్యాదగా ఇస్తారు. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మేం నూటికి ఒక్కరం కూడా లేం. "సాయిబుగారూ, తెలుగు బాగా మాట్లాడతారే!" అంటారు. తాతలనాటి నుంచీ మాట్లాడే భాషకి మెచ్చుకోలు! బండి అప్పగించేటప్పుడు సాయిబు చెయ్యి మీద నమ్మకం. ఇల్లు అద్దెకడిగితే "మా ఇంట్లో నీసు వండకూడదు" అనే జవాబు.

మరి కలిసుండడమంటే ఏమిటి? ఇది అడగడానికి గరివిడి మంచి చోటు. చుట్టుపక్కల నేలలో మాంగనీస్ ఉంది. ఆ ఖనిజాన్ని కరెంటు కొలిమిలో కరిగించి, ఇనుముతో కలిపి మిశ్రమలోహం తీసిన ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీతోనే గరివిడికి పేరొచ్చింది. కొలిమిలో పడ్డాక ఏది ఏదో తెలీదు. మమ్మల్ని అలా కరిగిపొమ్మనేవాళ్లున్నారు. అందులో మతవాదులే కాదు, "మనందరం ఒకటే కదా, ఇంకా ముస్లింవాదమేమిటి?" అనే సెక్యులర్ మిత్రులూ ఉన్నారు.

అదే రోడ్డు పక్క షెడ్డులో ఇంకోరకం కలయిక ఉంది. మానిఫోల్డ్‌కీ కార్బరేటర్‌కీ మధ్య చాలా బళ్లలో వేడి పాకని బేకలైట్ బిళ్ల పెడతారు. అది లేకపోతే హెడ్డు వేడికి కార్బరేటర్లో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతుంది. గాలి దూరనంత గట్టిగా కలవాలి, ఒకదాని వేడి ఇంకొకదాన్ని కాల్చకుండానూ ఉండాలి. మేం అడిగేది ఈ కలయికే. మా పేరూ, మా నమాజూ, మా ఉర్దూ, మా తెలుగూ మాకుండాలి. మధ్యలో సందు మాత్రం ఉండకూడదు.

జాయింటుకి రెండు ముఖాలుంటాయి. ఒక బోల్టునే పూర్తిగా బిగిస్తే ఫ్లాంజి వంగిపోతుంది. అటో చుట్టూ ఇటో చుట్టూ కొద్దికొద్దిగా బిగించాలి. మా పెద్దలు కొందరు మతం బోల్టు ఒక్కటే బిగిస్తూ పోతారు. ఆడపిల్లల చదువు దగ్గర బిగిస్తారు. బీసీ-బీ జాబితాలో ఉన్న దూదేకులవాళ్లని సగం ముస్లింలుగా చూసే ఖాన్‌దానీ గర్వం దగ్గర బిగిస్తారు. ఆ వంపులోంచి దూరే గాలి మాలోనే పుట్టింది. దాన్ని అవతలివాళ్ల మీదికి నెట్టడం ఇన్సాఫ్ కాదు. అయితే నూటికి ఒక్కడూ లేనివాడి ముఖం ఎంత నున్నగా ఉన్నా, నూటికి తొంభైతొమ్మిది మంది వైపు వంకర ఉంటే సందు పూడదు. ఎక్కువ బాధ్యత ఎటుందో వేరే చెప్పాలా?

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలొచ్చాక కొత్త బళ్లలో కార్బరేటర్ల స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. మిశ్రమం పలచబడిందని సెన్సార్ చెప్పేస్తుంది. గాలి ఎక్కడ దూరిందో వెతకాల్సింది మాత్రం మనిషే. మా మీదా లెక్కలకి లోటు లేదు. 2006లో సచార్ కమిటీ మా వెనకబాటంతా అంకెల్లో పెట్టింది. అంకె తెలిసినంత మాత్రాన సందు పూడదు.

ఒక్కచోట ఈ పోలిక చెల్లదు. కార్బరేటర్ అరిగిపోతే తీసి పారేస్తారు. "పాకిస్తాన్ పొండి" అనేవాళ్లు మమ్మల్నీ అలాగే లెక్కేస్తున్నారు. మేం ఎవరి బండికో తగిలించిన విడిభాగాలం కాం. పనికొస్తున్నామని ఇక్కడ లేం. పని రాని సాయిబుది కూడా ఈ ఊరే.