కాల్చుటయా, వేరుచేయుటయా?



చెత్తను కాల్చి కరెంటు తీయవచ్చు గదా, వేరుచేయు శ్రమ దేనికని మనలో కొందరు అడుగుచున్నారు. మన ఇళ్ల చెత్తలో ఎక్కువ భాగము తడిదే. తడి కట్టె పొయ్యిలో మండునా? ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లో కట్టిన ప్లాంటు కొద్ది వారాలకే ఆగిపోవుటకు కారణమిదే. కాగితము, ప్లాస్టిక్కు బాగుగా మండును; కాని తిరిగి పనికివచ్చునవి కూడ అవే. దేనికిని పనికిరానిదే కాల్చుటకు తగినది.

అయితే ఏరుటకు ఎవరివో చేతులు కావలెను. బెంగుళూరు, చెన్నై వీధులు ఊడ్చువారిలో మన తెలుగువారు అనేకులున్నారు. పాచిన అన్నములో, గాజుపెంకులలో వారిచేత చేయి పెట్టించి, వస్తువులు కాపాడితిమని చెప్పుకొనుట న్యాయమా? తడి, పొడి, ప్రమాదకరమైనవి ఇంటివద్దనే వేరుచేయవలెనని 2016 నియమములు చెప్పినవి. మన వంటింటిలో మూడు బుట్టలుంటే, పొరుగువాని చేతికి గాయము తప్పును.