నేర్పు వుంటే న్యాయమేనా?

జూదం చెడ్డదని నిరూపించడానికి వ్యాసం రాయనక్కరలేదు. ఆ మాట భారతకాలం నుంచీ చెబుతూనే వున్నారు. విన్నవాళ్లు ఆడుతూనే వున్నారు. నేను తేల్చుకోదలచింది అంతకంటే చిక్కు ప్రశ్న. వొక ఆటలో నిజంగానే నేర్పు వుందనుకుందాం. మోసం లేదు. ఆడేవాళ్లంతా యిష్టపడే ఆడుతున్నారు. అప్పుడు ఆ నేర్పుతో గెలుచుకున్న డబ్బు కష్టార్జితం అవుతుందా, కాదా?

యీ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. నా దగ్గర చదువుకున్న కుర్రవాడు వొకడు తెచ్చిపెట్టాడు. పత్తికొండ దిక్కున మెట్టపల్లె అతనిది. కడపలో మా కాలేజీలో లెక్కలు ముఖ్యపాఠంగా బి.యస్సీ. చదివాడు. నేనతనికి తెలుగు చెప్పాను. బెంగుళూరులో చిన్న వుద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు ఆన్‌లైన్ పోకర్ టోర్నమెంట్లు ఆడేవాడు. మన రాష్ట్రంలో 2020 సెప్టెంబరు ఆర్డినెన్సుతోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధమైనాయి. కర్ణాటకలో ఆ నిషేధం అప్పటికి అమలులో లేదు. 2025 వేసవిలో కడప వచ్చినప్పుడు అతను నన్ను అప్పు అడగలేదు. "సార్, మీరు యాభై వేలు పెట్టండి. ఆట నేనాడతాను. లాభంలో చెరి సగం," అన్నాడు. ఆటగాళ్ల మధ్య యిది మామూలు వొప్పందమేనట. ఏడాదిన్నరగా ఆడిన ప్రతి ఆటా జమాఖర్చులతో రాసుకున్న నోటుబుక్కు నా ముందు పెట్టాడు. నాకు ఆశ పుట్టలేదని అబద్ధం చెప్పను. నాలుగు రోజులు గడువడిగి, ఆ నోటుబుక్కు చదివాను.

మన పేకాట తెలిసినవాళ్లకు యీ ఆట తెలియడం కష్టం కాదు. చేతికి రెండు ముక్కలు వస్తాయి. అందరికీ వుమ్మడిగా మరో అయిదు ముక్కలు విడతలుగా బయటపెడతారు. ప్రతి విడతలోనూ పందెం పెంచవచ్చు, పెంచినదానికి సరితూగవచ్చు, ముక్కలు పారేసి తప్పుకోవచ్చు. తక్కినవాళ్లంతా తప్పుకుంటే చెత్త ముక్కలున్నవాడు కూడా గెలుస్తాడు. టోర్నమెంటులో వందలమంది, వొక్కోసారి వేలమంది, చాలా బల్లల మీద వొకేసారి మొదలుపెడతారు. అందరికీ సమానంగా చిప్పులు యిస్తారు. చిప్పులు పోగొట్టుకున్నవాడు లేచిపోతాడు. జనం తగ్గేకొద్దీ బల్లలు కలుపుతారు. చివరికి వొక్క బల్ల, ఆ బల్ల దగ్గర వొక్కడు మిగులుతాడు. కొద్ది నిమిషాలకోసారి తప్పనిసరి పందెం పెరుగుతూ వుంటుంది కనక వూరికే కూచున్నవాడి చిప్పులు ఎండలో వెన్నలాగా కరిగిపోతాయి.

యిందులో నేర్పు వుందా? నిస్సందేహంగా వుంది. మొదట్లో వోపిక పట్టాలి. తన వంతు చివర వచ్చేటప్పుడు యితరులేం చేశారో చూసి ఆడవచ్చు కనక అప్పుడు ఎక్కువ ముక్కలు ఆడాలి. వంతు ముందు వచ్చేటప్పుడు తక్కువ ఆడాలి. చిప్పులు తప్పనిసరి పందేనికి పదిరెట్లకు దిగిపోతే యిక మధ్యేమార్గం లేదు: పారెయ్యడమో, అంతా వొడ్డడమో. ఏ ముక్కలకు ఏది చెయ్యాలో లెక్క కట్టిన పట్టికలున్నాయి. వాటిని ఆ కుర్రవాడు ఎక్కాల్లాగా కంఠస్థం చేశాడు.

అన్నిటికంటే లోతైన లెక్క చివర వస్తుంది. నలుగురు మిగిలారనుకుందాం. నలుగురి దగ్గరా సమానంగా చిప్పులున్నాయి. బహుమతులు మూడే: 5,000, 3,000, 2,000. నాలుగోవాడికి సున్న. ఆ క్షణాన వొక్కొక్కరి స్థానం విలువ 2,500 రూపాయలు. యిప్పుడు యిద్దరు అంతా వొడ్డి తలపడ్డారు. గెలిచినవాడి చిప్పులు రెట్టింపవుతాయి. అతని స్థానం విలువ మాత్రం రెట్టింపు కాదు. లెక్క వేస్తే సుమారు 3,833 అవుతుంది. అంటే గెలిస్తే వచ్చేది 1,333, వోడితే పోయేది 2,500. నూటికి అరవై అయిదు పాళ్లకు పైగా గెలిచే అవకాశం వుంటే తప్ప అక్కడ తలపడటం తెలివితక్కువ. మరి మిగతా విలువ ఏమైంది? చేతులు కట్టుకుని చూస్తున్న యిద్దరికీ చెరి 583 రూపాయల చొప్పున చేరింది.

యీ లెక్క అందరికీ తెలుసు కనకనే, బహుమతులు మొదలయ్యే గీతకు కాస్త ముందు అందరూ జంకుతారు. ఆ ఘట్టాన్ని బబుల్ అంటారు. సరిగ్గా అప్పుడే, చిప్పులు దండిగా వున్నవాడు పందెం పెంచి పెంచి బొటాబొటీగా వున్నవాళ్లను తరమాలని వ్యూహం చెబుతుంది. అతనికి మంచి ముక్కలు రానక్కరలేదు. వోర్చుకునే శక్తి అతనికుంది, ఎదుటివాడికి లేదు. అంతే చాలు. ఆ నోటుబుక్కులో నా కుర్రవాడు యీ ఘట్టాన్ని గూర్చి వొక మాట రాసుకున్నాడు: "భయపడేవాళ్లను గుర్తుపట్టాలి."

అతని మొదటి వాదం, యిది నేర్పుతో కూడిన ఆట కనక జూదం కాదని. యీ వాదానికి మన దేశంలో చట్టం అండ చాలాకాలం వుంది. సికిందరాబాదులోని వొక క్లబ్బు మీద పెట్టిన పేకాట కేసులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసుకున్న అప్పీలును సుప్రీంకోర్టు 1967 నవంబరులో కొట్టివేసింది. రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది వుంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కనక ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అన్నది. ఆ తర్వాత ఆన్‌లైన్ కంపెనీలన్నీ యీ తీర్పును తాయెత్తులాగా కట్టుకున్నాయి. కాని అదే తీర్పులో మరో మాట వుంది: పందెం కాసి ఆడే ఆటమీద క్లబ్బు యజమాని లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే అప్పుడది నేరం కావచ్చునని. నేర్పు ఎంత అన్న ప్రశ్నతోపాటు లాభం ఎవరికి అన్న ప్రశ్న కూడా కోర్టు వేసింది. వ్యాపారం మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసింది.

మనం రెండోదాన్ని పట్టుకుందాం. వెయ్యిమంది 550 రూపాయల చొప్పున కట్టారనుకుందాం. 500 బహుమతులకు, 50 కంపెనీకి. పంచేది అయిదు లక్షలు. సుమారు నూట యాభైమందికి ఎంతో కొంత వస్తుంది. అందులో పెద్ద భాగం పైన వున్న పదిమందికి పోతుంది. ఎనిమిది వందల యాభైమందికి ఏమీ రాదు. యీ అయిదు లక్షల్లో వొక్క రూపాయి కూడా ఆటలో పుట్టింది కాదు. నేతగాడి నేర్పు వల్ల బట్ట పుడుతుంది. వైద్యుడి నేర్పు వల్ల రోగం తగ్గుతుంది. యిక్కడ నేర్పు చేసే పని ఎనిమిది వందల యాభైమంది జేబుల్లోని డబ్బును కొద్దిమంది జేబుల్లోకి చేర్చడం. ఎవరు వోడినా, ఎవరు గెలిచినా కంపెనీ యాభై వేలు ముందే తీసుకుంది.

పైగా యీ నేర్పు వొక రాత్రిలో తేలదు. యింత జనంలో దిట్టమైన ఆటగాడు కూడా నూటికి ఎనభైసార్లు వట్టిచేతులతో లేస్తాడు. అందుకే కనీసం వంద ఆటలకు సరిపడే డబ్బు చేతిలో వుంచుకోవాలని వ్యూహశాస్త్రం మొదటి పాఠం. 550 రూపాయల ఆటకు 55 వేలు. నన్నతను అడిగిన యాభై వేలకు మూలం యిదే. మరి నెలకు పదిహేను వేలు తెచ్చుకునే కుర్రవాడికి యీ పాఠం ఏం చెబుతున్నట్టు? నేర్పు నిలబడాలంటే ముందు పెట్టుబడి వుండాలని. పెట్టుబడి లేనివాడి నేర్పు, వాన పడేలోగా ఎండిపోయే మొలక.

యింకో సంగతి గమనించాలి. చదరంగంలో దిట్టతో డబ్బు పందెం కాసి పదిసార్లు వోడినవాడు పదకొండోసారి రాడు. పోకర్‌లో వస్తాడు. ఎందుకంటే అదృష్టం అతన్ని అప్పుడప్పుడూ గెలిపిస్తుంది; ఆ గెలుపు తన నేర్పేనని అతను అనుకుంటాడు. కనక నేర్పుగల ఆటగాడికి అదృష్టం శత్రువు కాదు. ఎర వెయ్యడానికి అదే కావాలి. ఆటగాళ్ల పరిభాషలో బలహీనుల్ని చేపలంటారు. చేపలు ఎక్కువగా వున్న బల్ల ఎంచుకోవడం కూడా నేర్పులో భాగమే. నేర్పా, అదృష్టమా అని యాభై ఏళ్లకు పైగా మనం వాదించుకున్నాం. ఆ వ్యాపారానికి రెండూ కావాలి: గెలిచేవాడికి నేర్పు, వోడేవాణ్ణి మళ్లీ రప్పించడానికి అదృష్టం.

రెండో వాదం, అందరూ యిష్టపడే ఆడుతున్నారని. వొప్పుకోవడం వొక్కటే న్యాయానికి కొలబద్ద అయితే, అరకూలికి వొప్పుకున్న కూలీ విషయంలోనూ మనం నోరెత్తరాదు. ఎవరు, ఏ అవసరంలో, ఏమి తెలిసి వొప్పుకున్నారన్నది చూడకుండా వొప్పుదల గూర్చి మాట్లాడటం యజమాని భాష.

మూడో వాదం దగ్గర నేను తడబడ్డాను. "సార్, మా నాయన ఏడు బోర్లు వేయించినాడు. టెంకాయ పట్టి చూసేవాళ్లు చెప్పిన తావులోనే వేయించినాడు. రెండింట్లో నీళ్లు పడినాయి, వొకటి మరుసటేడు ఎండిపోయింది. అది జూదం కాదా? తొలకరి పడితే మా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం ఎక్కడెక్కడి జనమో వచ్చి పిల్లాజెల్లతో వెతుకుతారు. వేలమందిలో వొకరికి రాయి దొరుకుతుంది, దాన్ని వ్యాపారి కొంటాడు. మీరు నన్ను గ్రూపు పరీక్షలకు చదవమన్నారు. లక్షలమంది రాస్తారు, వందల పోస్టులుంటాయి. అది టోర్నమెంటు కాదా? నేను మూడేండ్లు కోచింగుకు కట్టిన డబ్బు ఎవరు తిరిగిచ్చినారు?"

బోరు విషయంలో నా జవాబు యిది. రైతు బోరు వేసింది నీళ్లకోసం. అదృష్టపరీక్ష అతను కోరుకున్నది కాదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించిన కర్నూలు-కడప కాలువ కింద నీరందే రైతు ఏడు బోర్ల పందెం కాయడు. కాలువ అంటే సమాజమంతా కలిసి వొక జూదాన్ని రద్దు చెయ్యడం. మెట్ట రైతు కూడా అదే కోరతాడు. పోకర్ కంపెనీ మాత్రం జూదం రద్దయితే బతకదు. వొకరు తప్పించుకోజూసే ఆపదను మరొకరు సరుకు చేసి అమ్ముతున్నారు. రెండూ వొకటి కావు. అయితే వొక్కమాట వొప్పుకోవాలి. వెయ్యి అడుగుల బోరు పక్కవాడి మూడు వందల అడుగుల బోరును ఎండగడుతుంది. కాలువ రానిచోట రైతులు కూడా వొకరి నీటిని మరొకరు గెలుచుకునే ఆటలోకి నెట్టబడుతున్నారు. ఆ కుర్రవాడు పోకర్ బల్ల దగ్గర కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. తన చేలో చూసిందే చూశాడు.

పరీక్ష విషయంలో సగమే జవాబుంది. పరీక్షలో వోడినవాడి జీతం గెలిచినవాడికి పోదు. చదివిన చదువు కొంతైనా మిగులుతుంది. గెలిచినవాడు రేపు వొక పని చేస్తాడు, ఆ పని నలుగురికీ కావాలి. కాని వంద పోస్టులకు లక్షమందిని పరుగెత్తించి, వోడిన తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందలమందితో "నీలో నేర్పు చాలలేదు" అనడం, పోకర్ కంపెనీ మాటకు ఎంత దూరం? ఆ మాట తరగతిలో నిలబడి నేనే అన్నాను. కష్టపడితే రానిదేముంది అన్నాను. లెక్క చెప్పలేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టం చేసింది. నేర్పా, అదృష్టమా అన్న భేదం తీసేసి, డబ్బు వొడ్డే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఆడించేవాడికి మూడేళ్లదాకా శిక్ష, కోటి రూపాయలదాకా జరిమానా. ఆడేవాణ్ణి నేరస్థుడిగా చూడలేదు. ఆ చట్టాన్ని కంపెనీలు కోర్టులో సవాలు చేశాయి. నా మటుకు ఆ భేదం తీసెయ్యడం సరైనదే. కాని దుకాణం మూసినంత మాత్రాన దుకాణానికి నడిపించిన అవసరం మూతపడదు. పరదేశపు దుకాణాలు ఫోనులోనే వున్నాయి. వాటికి మన శిక్షలు అందడం కష్టం.

భారతంలో నలోపాఖ్యానం ఆ కుర్రవాడికి నేనే చెప్పాను. నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నాడు. తర్వాత ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకుని, పుష్కరుణ్ణి మళ్లీ ఆటకు పిలిచి, గెలిచాడు. "చూడండి సార్, నేర్పు వచ్చినాక నలుడు కూడా ఆడినాడు," అన్నాడు వాడు నవ్వుతూ. ఆడాడు, నిజమే. కాని గెలిచాక వోడినవాణ్ణి అడవికి పంపలేదు. పుష్కరుడి వాటా పుష్కరుడికిచ్చి సాగనంపాడు. నేర్చిన విద్యతో రోజూ వొక పుష్కరుణ్ణి వెతుక్కుంటూ పోలేదు.

నేను యాభై వేలు పెట్టలేదు. పెడితే చేతులు కట్టుకుని 583 రూపాయలు తీసుకునేవాడి కంటే నేను మెరుగు కాను. బల్ల దగ్గరైనా కూచోకుండా వోడినవాళ్ల డబ్బులో సగం అడిగినవాణ్ణవుతాను. యిది చెబితే వాడు వాదించలేదు. "సరే సార్, మరి నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు. నోటుబుక్కు సంచిలో పెట్టుకుని బెంగుళూరు బస్సెక్కాడు.

ఆ ప్రశ్నకు నేను వొక్కణ్ణే జవాబు చెప్పలేను. అయితే వొకటి చెయ్యగలను. యీ ఏడు నా తరగతిలో పోటీ పరీక్షల మాట వచ్చినప్పుడు, ఎందరు రాస్తున్నారు, ఎన్ని పోస్టులున్నాయి, ఎంత ఖర్చవుతుంది అన్నది బల్లమీద రాసి, తర్వాతే చదవమంటున్నాను. వోడినవాడు అసమర్థుడు కాడని కూడా చెబుతున్నాను. పోస్టులెందుకు తక్కువ, కాలువెందుకు రాలేదు అని పిల్లలడుగుతున్నారు. అడగవలసింది అదే.