ఒకే శిలలో ఇద్దరు

గోదావరి పాయల నడుమ, కొబ్బరాకుల నీడలో, ర్యాలిలో వెలసిన జగన్మోహినీ కేశవస్వామీ! ఎదుట నిలిస్తే శంఖచక్రధారివి. ప్రదక్షిణగా వెనక్కి వస్తే అదే నల్లరాతిలో ముడిచిన కొప్పువి, వంపు తిరిగిన నడుమువి, మోహినివి. ఆ రూపం ఎక్కడ ముగిసిందో, ఈ రూపం ఎక్కడ మొదలైందో శిల చెప్పదు. నీ పాదాల చెంత ఊరే జలానికి ఆ లెక్కే పట్టదు.

స్వామీ, తల్లీ, ఏ పిలుపుకైనా పలికే దైవమా! నీ బిడ్డలు ఇప్పుడు అరచేతి తెరల మీద తమ కథ తామే చెప్పుకుంటున్నారు. ఒక ట్రాన్స్ యువకుడు నెలనెలా అవే నాలుగు మాటలు పలికి వీడియో పెడతాడు. టెస్టోస్టిరాన్‌తో స్వరతంతువులు మందమవుతున్నకొద్దీ ఆ గొంతు జీరబోతుంది, పగులుతుంది, తడబడుతుంది, చివరికి అవరోహణలో షడ్జమం చేరిన రాగంలా మంద్రంలో కుదురుకుంటుంది. ట్రాన్స్ మహిళకు ఆ వెసులుబాటు లేదు. ఈస్ట్రోజెన్ గొంతును సన్నం చేయదు. అందుకే ఆమెది సాధన. ఇంట్లోవాళ్లు నిద్రపోయాక, దుప్పటి ముసుగులో, ఒక్కో అక్షరాన్నీ మెత్తబరుస్తూ. ఏదో ఒకనాడు ఫోన్లో అవతలి మనిషి 'చెప్పండమ్మా' అంటాడు. ఆ పలకరింపు ఆమె పంచుకుంటే, ముఖమైనా ఎరగని అక్కచెల్లెళ్లు వందల మైళ్ల అవతల కన్నీళ్లతో నవ్వుతారు. మరొకరు కోరమీసానికి తోడుగా కుంకుమబొట్టు దిద్దుకుని, ఆడా మగా అన్న రెండు గదుల్లో దేనిలోనూ ఇమడని తమ ఆనందాన్ని దాచుకోకుండా చెబుతారు. ఎంత చక్కని ముఖాలు, ఎంత ధైర్యం!

కొమురవెల్లి మల్లన్న జాతరలో బండారి పూసుకుని ఊగే శివసత్తుల్లోనూ, తమిళనాట కూవాగంలో అరవానుడి పేర తాళి కట్టించుకునే తిరునంగైల, అంటే ట్రాన్స్ మహిళల, కళ్లలోనూ ఉన్నది నీ వెలుగే. ఎల్లమ్మను తలకెత్తుకుని ఊరూరా ఆడిన ట్రాన్స్ కళాకారిణి మంజమ్మ జోగతి 2021 నవంబరులో పద్మశ్రీ అందుకోవడానికి రాష్ట్రపతి భవన్‌కు వెళ్లింది. చీరకొంగుతో రాష్ట్రపతికే దిష్టి తీసింది! దేశమంతా ఆ దృశ్యాన్ని ఫోన్లలో మళ్లీ మళ్లీ చూసుకుంది. బిచ్చమెత్తిన చేతుల నుంచి గణరాజ్యం దీవెన అందుకుంది.

చదువరీ, ఈ స్వామి బిడ్డల్లో ఎవరైనా నీకు తమ పేరు చెబితే, ఆ పేరుతోనే నోరారా పిలువు.