వంశవ్యాధిని దాచుట ధర్మమా?

రోగము వచ్చినప్పుడు వైద్యుని వెదకుట లోకసహజము. జ్వరమునకు వీధి చివరనున్న వైద్యుడు చాలును. ఎముక విరిగినచో సమీపమునందలి ఆసుపత్రి చాలును. కాని వేలలో, లక్షలలో ఏ ఒక్కరికో సంక్రమించు వ్యాధులు కొన్ని గలవు. అవి తల్లిదండ్రుల నుండి బిడ్డలకు జన్యువుల ద్వారా వచ్చును. అట్టి వ్యాధిని జీవితకాలములో ఒక్కమారైనను చూడని వైద్యులే అధికులు. కావున రోగికి మొదటి కష్టము వ్యాధి కాదు. ఆ వ్యాధి నెరిగిన నిపుణుని కనుగొనుట.

ఈ వెదకులాటలో ఒక ధర్మసందేహము దాగియున్నది. వంశములోని వ్యాధిని గూర్చిన జ్ఞానము ఎవరి సొత్తు? అది రోగిదా? తల్లిదండ్రులదా? లేక ఆ రక్తమును పంచుకొన్న బంధువులందరిదా?

ఈ ప్రశ్న యొక్క బరువు తెలియుటకు ఒక ఉదాహరణము తీసికొనవచ్చును. డర్బన్ పరిసరములలో ఒక ఆంధ్ర కుటుంబమున్నదనుకొనవలెను. పూర్వులు చెఱకుతోటలలో పనిచేసినవారు. తల్లిదండ్రులది మేనరికము, ఇల్లాలు అత్తగారికి స్వయముగా అన్న కుమార్తె. వారికి ముగ్గురు బిడ్డలు. పెద్ద కుమార్తె పెండ్లీడుకు వచ్చినది. పదమూడేండ్ల కుమారునికి చేయి వణకసాగెను. ముత్యములవంటి చేతివ్రాత కొన్ని నెలలలో కోడిగీతలాయెను. మాట తడబడెను. పాఠశాలలో ఉపాధ్యాయుడు సోమరితనమనుకొనెను. పొరుగువారు దృష్టిదోషమనిరి. ఒక వైద్యుడు నరముల బలహీనత యనెను. కామెర్లు వచ్చినప్పుడు మరియొక వైద్యుడు కాలేయమును మాత్రము పరీక్షించెను. చేతిని చూచినవాడు కాలేయమును చూడలేదు. కాలేయమును చూచినవాడు చేతిని చూడలేదు. రెండేండ్లు గడచిన పిదప ఒక నేత్రవైద్యురాలు ఆ బాలుని నల్లగ్రుడ్డు అంచున గోధుమవర్ణపు వలయమును చూచి, వ్యాధి పేరు చెప్పెను. అది విల్సన్ వ్యాధి.

ఈ వ్యాధిని 1912లో లండన్ నగరమున కిన్నియర్ విల్సన్ అను నరముల వైద్యుడు వివరించెను. ఆహారములోని రాగి మనుష్యునకు స్వల్పముగా అవసరము. మిగిలినదానిని కాలేయము పైత్యరసము ద్వారా వెలికి పంపవలెను. ఈ రోగులలో ఆ మార్గము మూసుకొని యుండును. రాగి మొదట కాలేయములోను, పిదప మెదడులోను, కంటిలోను పేరుకొనును. సుమారు 30,000 మందిలో ఒకరికి ఈ వ్యాధి యుండునని లెక్క. 1956లో జాన్ వాల్ష్ అను వైద్యుడు పెనిసిలమిన్ అను మందు రాగిని మూత్రము ద్వారా వెడలించునని చూపెను. పూర్వము మరణమే గతియైన వ్యాధికి ఇట్లు మేలైన చికిత్స కలిగెను. ఆలస్యము కానిచో రోగి అందరివలె చదువుకొని, పనిచేసి, సంసారము చేయగలడు. ఆలస్యమైనచో పోయిన మెదడు శక్తి పూర్తిగా తిరిగిరాకపోవచ్చును. మందును జీవితాంతము మానరాదు.

వ్యాధి పేరు తెలిసిన దినమున వైద్యుడు ఆ తల్లిదండ్రులకు రెండు మాటలు చెప్పెను. మొదటిది: ఈ వ్యాధి తల్లి నుండి ఒక జన్యువు, తండ్రి నుండి ఒక జన్యువు కలిసినప్పుడే వచ్చును, కావున తోబుట్టువులలో ప్రతి ఒక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశము గలదు, వారిని వెంటనే పరీక్షింపవలెను. రెండవది: దగ్గరి బంధువులకు తెలియజేయవలెను.

ఇంటికి వచ్చిన పిదప పెద్దావిడ కుమారునితో నిట్లనెను: "పెద్దపిల్ల పెండ్లి కానిమ్ము నాయనా. అంతవరకు ఈ మాట గడప దాటరాదు." కుమారుడు తల వంచుకొనెను. కోడలు మాత్రము అడిగెను: "అత్తయ్యా, మీ చిన్న తమ్ముడు పదునాలుగేండ్లకే పోయెనని మా నాన్న చెప్పెడివాడు. ఆయనకు వచ్చిన రోగమేమి?" పెద్దావిడ చాలసేపు మాటాడలేదు. తరువాత, ఆ తమ్మునికి కూడ చేతులు వణకెననియు, కన్నులు పచ్చబడెననియు, గాలి సోకినదని తలచి మంత్రము వేయించిరనియు చెప్పెను. రెండేండ్లుగా ప్రతి వైద్యుడును "మీ వంశములో ఇట్టిది ఎవరికైన కలదా?" యని అడిగినప్పుడు, ఆ యింటివారు "లేదు" అనియే చెప్పుచు వచ్చిరి. పెద్దావిడ అబద్ధమాడవలెనని యనుకొనలేదు. మరుగుపడిన దుఃఖమును, సిగ్గును బయట పెట్టకుండెను. ఆ మౌనమునకు మూల్యము బాలుడు చెల్లించెను.

మహాభారతమునందు కుంతి కథ అందరికిని తెలిసినదే. లోకనింద భయమున ఆమె కర్ణుని జన్మ రహస్యమును తన కుమారులకు చెప్పలేదు. యుద్ధము ముగిసి, మృతులకు తర్పణము లిచ్చు వేళ ఆ మాట ఆమె నోట వెలువడెను. సత్యము వెల్లడియైనది గాని, అప్పటికి దానివలన ఎవరి ప్రాణమును నిలువలేదు. ముందే తెలిసియున్నచో ఈ సంహారము జరిగియుండదని ధర్మరాజు విలపించెను. కుంతిని దుష్టురాలని ఎవరును అనరు. భయపడిన తల్లి యని మాత్రమే తలంతురు. అయినను, వంశమునకు సంబంధించిన సత్యమును కాలము మించిన పిదప చెప్పినచో అది సత్యముగనే యుండును గాని రక్షణ కాజాలదు.

ఇట్టి జ్ఞానము ప్రాణములను కాపాడుననుటకు దక్షిణ ఆఫ్రికా దేశమే సాక్షి. కేప్ ప్రాంతమున 1688లో వివాహమాడిన ఒక డచ్చి దంపతుల సంతతిలో వేరిగేట్ పార్ఫిరియా అను వ్యాధి వ్యాపించినది. పూర్వకాలమున దానివలన పెద్దగా హాని కలుగలేదు. ఇరువదవ శతాబ్దమున బార్బిట్యురేట్ నిద్రమందులు, సల్ఫా మందులు వచ్చిన పిదప, అవి పుచ్చుకొన్న కొందరికి తీవ్రమైన కడుపునొప్పి, పక్షవాతము, మరణము కూడ సంభవించెను. పోర్ట్ ఎలిజబెత్ నగరములో జెఫ్రీ డీన్ అను వైద్యుడు ఆ కుటుంబముల వంశవృక్షములను గ్రహించి, వ్యాధి మూలమును ఆ దంపతుల వరకు కనుగొని, 1963లో గ్రంథము ప్రకటించెను. బంధువులు తమ పెద్దల రోగములను, మరణములను దాచియున్నచో ఆ వృక్షము పూర్తియయ్యెడిది కాదు. వ్యాధి గలదని తెలిసినవాడు ఫలానా మందులు తనకు విషమని ముందే చెప్పగలడు. అట్టివాని ప్రాణమును ఆ ఒక్క మాట కాపాడును.

ఆంధ్రులలోను ఇట్టి ఉదాహరణము గలదు. శస్త్రచికిత్స సమయమున కండరములను సడలించుటకు సక్సమెథోనియం అను మందు నిత్తురు. సాధారణముగా దాని ప్రభావము కొన్ని నిమిషములలో తీరిపోవును. దానిని విరుగగొట్టు ఎంజైము కొరవడిన వారికి మాత్రము ఆ ప్రభావము గంటల కొలది నిలిచి, యంత్రము ద్వారా శ్వాస కల్పింపవలసి వచ్చును. వైశ్య సమాజమున ఈ లోపము ఇతరులకంటె సుమారు 100 రెట్లు అధికమని, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశ శాస్త్రజ్ఞులతో కలిసి 2017లో ప్రకటించిన పరిశోధనలో పేర్కొనిరి. ఇది ఆ సమాజమునకు కళంకము కాదు. కొద్దిమంది పూర్వుల నుండి పెరిగి, తమలో తాము వివాహములు చేసికొనిన ఏ సమూహములోనైనను ఏదో ఒక జన్యులోపము కూడుకొనును. చెప్పినచో మత్తువైద్యుడు వేరొక మందు వాడును. చెప్పకున్నచో ప్రమాదము. ఇందులో సిగ్గుపడవలసినదేమున్నది?

అయినను ఎదుటి పక్షమును కూడ న్యాయముగా వినవలెను. పెద్దావిడ భయము వట్టిది కాదు. వ్యాధి మాట పొక్కినచో ఆరోగ్యవంతురాలైన కన్యకు సైతము సంబంధములు తప్పిపోవును. ఒక యింటి కష్టము పది యిండ్లలో కాలక్షేపమగును. మరియు అన్ని వంశవ్యాధులును విల్సన్ వ్యాధివంటివి కావు. హంటింగ్టన్ వ్యాధి గల తల్లికిగాని తండ్రికిగాని పుట్టిన ప్రతి బిడ్డకును అది సగము పాళ్లు రాగలదు. దాని జన్యువును 1993లో కనుగొనిరి. పరీక్ష గలదు, కాని వ్యాధిని నయము చేయు చికిత్స లేదు. అట్టి కుటుంబములలో "నాకు తెలియవలదు" అనువారు గలరు. వారిని పిరికివారనుట అన్యాయము. తెలిసికొనుటకు హక్కున్నట్లే, తెలిసికొనకుండుటకును హక్కు గలదు.

కావున గోప్యమునకును దాపరికమునకును గల భేదమును గుర్తింపవలెను. సంబంధము లేనివారికి చెప్పకుండుట గోప్యము. అది రోగి గౌరవమును కాపాడును. ప్రమాదములో నున్నవారికి చెప్పకుండుట దాపరికము. అది వారి రక్షణను హరించును. వైద్యుడు రోగి మాటను బయట పెట్టరాదు. అది అతని వృత్తిధర్మము. అందువలననే బంధువులకు చెప్పు భారము కుటుంబముపై పడుచున్నది. ఆలయ ప్రాంగణమున చాటింపు వేయనక్కరలేదు. పినతండ్రికి, మేనత్తకు, వారి బిడ్డలకు తలుపు మూసికొని చెప్పిన చాలును. చికిత్స గల వ్యాధియైనచో స్పష్టముగా చెప్పవలెను. చికిత్స లేనిదైనచో "వంశములో ఒక విషయము గలదు, తెలిసికొనగోరినచో అడుగుడు" అని చెప్పి, నిర్ణయమును వారికే విడువవలెను. వివాహ విషయమున కూడ కాబోవు అల్లునికి ముందే చెప్పుట మేలు. సత్యము విని నిలిచిన సంబంధమే సంబంధము.

మరి రెండు అపోహలను తొలగింపవలెను. వ్యాధిగల బిడ్డ పుట్టినప్పుడు కోడలిని నిందించు అలవాటు ఇంకను పూర్తిగా పోలేదు. విల్సన్ వంటి వ్యాధి తల్లి నుండి ఎంతయో తండ్రి నుండియు అంతయే వచ్చును. రెండవది కర్మ సిద్ధాంతము. తన కష్టమును ఓర్చుకొనుటకు కర్మను తలచుకొనుట వేరు. పరుల బిడ్డ కష్టమును చూచి వారి కర్మ యని తప్పుకొనుట వేరు. మొదటిది ఓర్పు, రెండవది నిర్దయ. ప్రతి మనుష్యుని దేహములోను కనబడని జన్యులోపములు కొన్ని గలవు. మేనరికములో ఒకే పూర్వుని లోపము ఇరువైపుల నుండి వచ్చి కలిసికొనుటకు అవకాశము పెరుగును. అంతియే గాని అది పాపఫలము కాదు.

తోటల నుండి వచ్చిన కుటుంబములకు మరియొక కష్టము గలదు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరినది మొదలు 1911 వరకు 1,52,184 మంది నేటాలుకు ఒప్పంద కూలీలుగా వచ్చిరి. ఓడ పట్టికలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, జిల్లా, ఒక సంఖ్య వ్రాయబడినవి. ఇంటిపేర్లు అనేకములు ఆ దారిలో జారిపోయినవి. ఎవరు ఎవరికి ఏమగుదురో చెప్పగల పెద్దలు తగ్గుచున్నారు. కావున వారు జీవించియుండగనే అడిగి, మూడు తరముల వివరములు, ఎవరు ఏ వయస్సున ఏ లక్షణములతో పోయిరో, ఒక కాగితముపై వ్రాసికొనుట ప్రతి కుటుంబమునకు కర్తవ్యము. ఏ నిపుణుడైనను మొదట అడుగునది అదియే.

నిపుణుని చేరుటకు మార్గము కుటుంబ వైద్యుని వద్దనే మొదలగును. "ఇది నాకు తెలియదు, తెలిసినవాని వద్దకు పంపుదును" అను వైద్యుడు చిన్నవాడు కాడు, అతడే మేలైనవాడు. దక్షిణ ఆఫ్రికాలో జన్యువైద్య నిపుణులు కొద్దిమంది. వారిలో పలువురు కేప్‌టౌన్, జోహానెస్‌బర్గ్ విశ్వవిద్యాలయములతో కూడిన ఆసుపత్రులలో నున్నారు. కావున దూరప్రయాణమునకు సిద్ధపడవలెను. పరీక్షా పత్రములన్నియు తేదీల వరుసను ఒకచోట నుంచవలెను. లక్ష్మణుడు మూర్ఛిల్లినప్పుడు ఓషధి యేదో తెలియక హనుమంతుడు పర్వతమునే తెచ్చెను. గుర్తించుట వైద్యుడైన సుషేణుని పని యాయెను. కుటుంబము చేయవలసినదియు అట్టిదే. ఏది ముఖ్యమో తెలియకున్నను, ఉన్నదంతయు తెచ్చి వైద్యుని ముందుంచవలెను. అందులో సిగ్గుపడి ఒక కొమ్మను విరిచి దాచినచో, ఆ కొమ్మయే సంజీవని కావచ్చును.

ఆ డర్బన్ కుటుంబమున చివరకు పెద్దావిడయే తన రెండవ కుమారుని ఇంటికి పోయి, తమ్ముని కథ చెప్పెను. ఆరోగ్యముగా కనబడుచున్న బిడ్డలందరిని పరీక్షకు పంపిరి. రక్తములో సెరులోప్లాస్మిన్ కొలత, ఒక దినపు మూత్రములో రాగి కొలత, కంటి పరీక్ష జరిగినవి. ఎనిమిదేండ్ల తమ్మునికి వ్యాధి కలదని తేలెను. చేయి వణకక మునుపే మందు మొదలాయెను. పెద్దపిల్ల సంగతి విన్న ఒక సంబంధము వారు వెనుదిరిగిరి. మరియొకరు వైద్యుని అడిగి తెలిసికొని వచ్చిరి. చెప్పుటవలన నష్టము లేకపోలేదు. కాని ఆ నష్టమును ఎనిమిదేండ్ల బాలుని చక్కని చేతివ్రాత ప్రక్కనుంచి తూచినప్పుడు, ధర్మము ఎటువైపు మొగ్గునో చెప్పుటకు పండితుడు కానక్కరలేదు.